క్రీస్తులో నిలిచి ఉండడం ఎట్ల? పాలమూరు, నల్లగొండ విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

యోహాను సువార్త 15వ అధ్యాయం మన సంఘాల్లో చాలామందికి నోటికి వచ్చు. యేసు తాను ద్రాక్షావల్లి అని, తండ్రి తోటమాలి అని, మనం తీగెలమని చెప్పింది అందులోనే. "నాయందు నిలిచియుండుడి" అన్న మాట క్యాలెండర్ల మీద, డిసెంబర్ 31 రాత్రి తీసుకునే వాగ్దాన కార్డుల మీద కనిపిస్తూనే ఉంటుంది. కానీ సోమవారం పొద్దున లేచాక ఆ మాటను ఎలా చేయాలో చాలామందికి తేలదు. కూటాల్లో, ఇంటి ప్రార్థనల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలకు ఇవి జవాబులు.

"నిలిచి ఉండడం" అంటే అసలు ఏమిటి?

దీనికి మూలంలో ఉన్న గ్రీకు మాట "మెనో". ఒక చోట దిగి అక్కడే ఉండిపోవడం అని దాని మామూలు అర్థం. యోహాను 1వ అధ్యాయంలో ఇద్దరు శిష్యులు యేసు వెంట నడుస్తూ, నీవు ఎక్కడ కాపురమున్నావని ఆయన్ను అడుగుతారు. అక్కడ "కాపురం" అని తెలుగు చేసిన మాట, 15వ అధ్యాయంలో "నిలిచియుండు" అని తెలుగు చేసిన మాట మూలంలో ఒక్కటే. 15వ అధ్యాయం 4 నుంచి 10 వరకు ఏడు వచనాల్లో ఆ మాట పది సార్లు వస్తుంది.

కాబట్టి ఆయన అడుగుతున్నది కాపురం. మనలో ఎక్కువమంది చేసేది చుట్టపు చూపు: కష్టం వస్తే వెళ్లడం, పండక్కి వెళ్లడం, ఆదివారం రెండు గంటలు కూర్చుని రావడం. చుట్టంగా వెళ్లిన ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మనకు తెలియదు, ఆ ఇంటి అలవాట్లు మనకు అంటవు. కాపురం ఉంటే అన్నీ అంటుతాయి.

ఆ కాపురంలో ఏముంటాయో ఆ అధ్యాయమే చెప్పింది. ఆయన మాటలు మనలో ఉండడం, అడగడం (7వ వచనం). ఆయన ఆజ్ఞలు పాటించడం (10). ఒకరినొకరు ప్రేమించడం (12). ఈ నాలుగింటిలో ఒంటికి పులకరింత రావడం, కన్నీళ్లు రావడం లేవు. అవి వస్తే మంచిదే. రాకపోయినా కాపురం చెడలేదు.

ద్రాక్షతోట మేం ఎన్నడూ చూడలేదు. మాకు అర్థమయ్యేటట్టు చెప్పండి.

బత్తాయి తోట చూసి ఉంటారు కదా, దానితోనే మొదలుపెడదాం. మన బత్తాయి మొక్క గింజ నుంచి లేచింది కాదు, అంటు కట్టింది. రంగపూర్ నిమ్మ లాంటి వేరుమూలం మీద బత్తాయి కన్ను (చిగురు మొగ్గ) తొడుగుతారు. కన్ను లోపలి చెక్కకు గట్టిగా ఆనాలి, చుట్టూ గాలి చొరకుండా కట్టు కట్టాలి. రెండు మూడు వారాలకు కన్ను పచ్చగా ఉంటే అతికినట్టు, నల్లబడితే పోయినట్టు. మధ్యలో "అతికిందా లేదా" అని కట్టు విప్పి చూసేవాడి అంటు బతకదు. తన విశ్వాసాన్ని పూటపూటకీ తవ్వి చూసుకునే వారికి ఈ సంగతి బాగా పనికొస్తుంది.

పౌలు కూడా రోమా 11లో అంటు గురించి రాశాడు. రైతు వెంటనే పట్టుకునే తేడా ఒకటి అందులో ఉంది. మనం అడవి వేరు మీద మంచి కన్ను కడతాం. పౌలు చెప్పింది అడవి ఒలీవ కొమ్మను తెచ్చి మంచి ఒలీవ చెట్టుకు కట్టడం. మామూలుగా రైతు ఆ పని చేయడు. అందుకే ఆయన అది "స్వభావవిరుద్ధముగా" జరిగిందని 24వ వచనంలో ఒప్పుకున్నాడు. మనం ఆ చెట్టులో ఉన్నది మన జాతి మంచిదై కాదు.

ఇక ద్రాక్ష. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద పెంచే ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. వేసవిలో, ఏప్రిల్ వేళకు, తీగెలను ఒకటి రెండు కన్నుల దాకా కోసేస్తారు. తెలియనివాడు చూస్తే తోట చచ్చిందనుకుంటాడు. మళ్లీ అక్టోబర్ వేళకు కాపు కోసం ఇంకో కత్తిరింపు. ఫిబ్రవరి నుంచి కాయ దిగుతుంది. కత్తిరించకుండా వదిలేస్తే తీగె చావదు. ఆకు గుబురుగా కమ్ముకుంటుంది, కాయ మాత్రం చిన్నదై పోతుంది.

దేవుడు "కత్తిరించడం" అంటే కష్టాలు పంపడమా?

ప్రతి కష్టాన్నీ కత్తిరింపు అనొద్దు. యోహాను 15:2లో "పనికిరాని తీగెలను తీసివేయును" అన్న చోట గ్రీకు మాటకు "శుభ్రం చేయడం" అని అర్థం. వెంటనే 3వ వచనంలో "నేను మీతో చెప్పిన మాటనుబట్టి మీరిప్పుడు పవిత్రులై యున్నారు" అంటాడు. అక్కడి "పవిత్రులు" కూడా ఆ మాటకు చుట్టమే. అంటే తోటమాలి చేతిలోని కత్తెర మొదట వాక్యమే. వాక్యం చదువుతుంటే ఒక మాట గుచ్చుకుని, అన్నదమ్ముల గెట్టు పంచాయతీయో, వడ్డీ లెక్కో గుర్తొచ్చిందనుకోండి, కత్తెర అక్కడ పడింది. దాన్ని పడనివ్వండి.

బత్తాయి రైతుకు నీటి కొమ్మలు తెలుసు. మొదలు నుంచి నిటారుగా, ఏపుగా, పెద్ద ఆకులతో, ముళ్లతో లేస్తాయి. తోటలో అన్నిటికంటే బలంగా కనిపించేవి అవే. చెట్టు సత్తువ లాగేస్తాయి, కాయ ఇవ్వవు. ఎండు పుల్లలతో పాటు వాటినీ కోసి, కోత మీద తెగులు పట్టకుండా బోర్డో పేస్ట్ పూస్తారు. సంఘంలోనూ ఇదే చూస్తాం. మైకు పట్టుకుంటాడు, మూడు కూటాలు నడుపుతాడు, కీబోర్డు నేర్చుకుంటాడు, ఇంట్లో భార్యతో మాత్రం మాట ఉండదు. ఏపు చూసి ఎదుగుదల అనుకోవడం మనం ఎక్కువగా చేసే పొరపాటు. దేవుడు అలాంటివాడి చేతిలోంచి కొన్నాళ్లు మైకు తీసేస్తే అది శిక్ష అని మేం అనుకోం.

జబ్బు, అప్పు, పంట నష్టం వచ్చినవారితో "దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడు" అని మనం తీర్పు చెప్పకూడదు. పక్కన కూర్చోవాలి, చేతనైతే బియ్యం పంపాలి.

"ఫలింపని తీగెను తీసి పారవేయును" అని ఉంది. నన్ను కూడా పారేస్తాడా?

2, 6 వచనాలను సంఘాలు ఒకేలా వివరించవు. రక్షణ పోగొట్టుకోవచ్చని కొందరు, నిజంగా ఏనాడూ అతకని తీగె గురించి అని కొందరు బోధిస్తారు. మీ సంఘ పెద్దల దగ్గర శ్రద్ధగా నేర్చుకోండి. ఒక్కటి గమనించండి: ఈ మాటలు ఆయన గద్దించడానికి కాదు, తాను పట్టుబడబోయే రాత్రి, భయంతో ఉన్న పదకొండు మందితో చెప్పాడు. 11వ వచనంలో కారణం కూడా చెప్పాడు, వాళ్ల సంతోషం పరిపూర్ణం కావాలని. పారేస్తాడేమోనని ఏడ్చే మనసు ఇంకా తీగెకు అంటుకునే ఉంది. ఏ బాధా లేకుండా ఏళ్ల తరబడి దూరంగా ఉన్నవాడే ఆ వచనం ముందు ఆగాలి.

రోజూ ఏం చేయాలి? వరుసగా చెప్పండి.

ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి. గంట పెట్టుకుంటే పది రోజుల్లో మానేస్తారు.

మొదటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. బైబిలు ఫోన్‌లోనే ఉంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి. తర్వాత ఏడు నిమిషాలు, ఒక చిన్న భాగాన్ని రెండు సార్లు, రెండోసారి పెదవులు కదుపుతూ చదవండి. కన్ను జారిపోయే మాటను నోరు పట్టుకుంటుంది. ఆ తర్వాత నాలుగు నిమిషాల్లో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి: ఈ భాగంలో యేసు ఎలాంటివాడు? "నాకేం వాగ్దానం ఉంది" అని వెతకడం తర్వాత. మరో ఆరు నిమిషాలు ప్రార్థన, ఆ వాక్యంతోనే మొదలుపెట్టి. చివరి నిమిషంలో ఇవాళ చేయబోయే ఒక పని అనుకోండి, మనిషి పేరుతో సహా. "అందరినీ ప్రేమిస్తాను" అంటే ఎవరినీ ప్రేమించరు. "ఇవాళ అత్తమ్మతో గొంతు పెంచను" అంటే సాయంత్రం లెక్క చూసుకోవచ్చు.

చాలామంది చివరి నిమిషం వదిలేస్తారు. 10వ వచనం నిలిచి ఉండడాన్ని ఆజ్ఞ పాటించడంతో ముడిపెట్టింది. విన్నది చేయకపోతే మరుసటి రోజు చదువు చప్పగా అనిపిస్తుంది. దోషం చదవడంలో లేదు, నిన్నటి మాట చేయకపోవడంలో ఉంది.

మొదటి వారానికి 15వ అధ్యాయమే తీసుకోండి: 1-3, 4-5, 6-8, 9-11, 12-15, 16-17, ఏడో రోజు 18 నుంచి 27 వరకు.

జనవరి ఒకటిన ఆదికాండం మొదలుపెడతాం, నెల తిరిగేసరికి ఆగిపోతది. ఎందుకు?

లెక్కలోనే ఉంది. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి జనవరి నెలాఖరుకు అయిపోతాయి. అప్పుడే లేవీయకాండం ఎదురవుతుంది, బలుల వివరాల దగ్గర కొత్తవారి నడక తడబడుతుంది. రెండు రోజులు తప్పితే ఆరు అధ్యాయాల బాకీ, వారం తప్పితే ఇరవై మూడు. ఆ బాకీ చూసి బైబిలు మూసేస్తారు.

మొదటి ఏడాది కొత్త నిబంధన పెట్టుకోండి. 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి, సరిగ్గా 52 వారాలు. రెండు ఖాళీ రోజులు వెనకబడితే అందుకోవడానికి. అయినా తప్పితే బాకీ తీర్చొద్దు, ఇవాళ్టి అధ్యాయమే చదవండి.

పొద్దుగాల ఏడింటికే కూలికి పోవాలె. వచ్చేసరికి చీకటి. టైం యాడున్నది?

నాట్లు, కలుపు, పత్తి ఏరే రోజుల్లో ఇరవై నిమిషాలు కూర్చోమనడం న్యాయం కాదు. అప్పుడు పద్ధతి మార్చాలి, వదిలేయకూడదు. రాత్రి పడుకునే ముందు ఒక వచనం అనుకోండి. పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు అదే వచనం, ఆటోలో పొలానికి వెళ్తూ అదే, మధ్యాహ్నం సద్ది విప్పేటప్పుడు అదే. రోజుకు ఒక వచనం కూడా వద్దు, వారానికి ఒకటి చాలు. యోహాను 15:4ను ఒక వారమంతా మోస్తే అది ఏడాది పాటు మీతో ఉంటుంది. తీరిక దొరికే ముసురు రోజున కాస్త ఎక్కువసేపు కూర్చోండి.

యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లినట్టు మార్కు 1:35 చెబుతుంది. దాన్ని చూపించి నాలుగు గంటల నిద్రతో బతికే కూలి తల్లిని గద్దించేవారు, అలసిపోయి పడవలో తలగడ మీద నిద్రపోయింది కూడా ఆయనేనని (మార్కు 4:38) గుర్తు చేసుకోవాలి.

ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదు. దేవుడు దూరమయ్యాడా?

ముందు ఒళ్లు చూసుకోండి. నిద్ర, తిండి, రక్తహీనత, థైరాయిడ్, బాలింత దిగులు, వీటన్నిటికీ ప్రార్థనలో పొడిబారడం లాగే కనిపించే గుణం ఉంది. ఏలీయా చచ్చిపోతానన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టించాడు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, చావు ఆలోచనలు వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా, డాక్టరు దగ్గరకు వెళ్లండి. అది విశ్వాసం లేకపోవడం కాదు.

తర్వాత, దాచిన పాపం, తెగిన బంధం ఉన్నాయేమో చూడండి. మత్తయి 5:23-24 ప్రకారం బలిపీఠం దగ్గర కానుక వదిలి ముందు సహోదరుడితో సమాధానపడాలి.

ఈ రెండూ కాకపోతే అది వేసవి. బత్తాయి తోటకు పూత రావాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు వదులుతారు. ఆకు వాడుతుంది, చెట్టు చావదు. ఆ రోజుల్లో సొంత మాటలు రాకపోతే కీర్తనల మాటలు అరువు తెచ్చుకోండి. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఇంకా ఎంతకాలమని నాలుగు సార్లు అడుగుతుంది. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ చివర్లో లేదు. దాన్ని కూడా బైబిల్లో ఉంచారంటే, అలాంటి ప్రార్థన కూడా దేవుని ముందు చెల్లుతుందన్నమాట.

"మీకేది యిష్టమో అడుగుడి" అన్నాడు. అడిగినం, రాలే.

ఆ మాట ఉన్న యోహాను 15:7 సగం నుంచి మొదలుకాదు. ఆయన మాటలు మనలో నిలిస్తే అన్న షరతు ముందుంది. ఆ మాటలు నిలిచే కొద్దీ అడిగేవే మారతాయి. అయితే ఈ జవాబును బిడ్డ కోసం అడిగి పోగొట్టుకున్న తల్లికి చెప్పకూడదు. ఆమె అడిగింది తప్పు కాదు. గెత్సెమనేలో యేసు కూడా గిన్నె తొలగించమని మూడు సార్లు అడిగాడు, తొలగలేదు.

చేసిన పాపమే మళ్లీ చేస్తున్నాను. ఇక మొహం ఎట్ల చూపించాలె?

1 యోహాను 1:9 తీసుకుని, పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అనే గంపగుత్త ప్రార్థనతో ఏదీ తెగదు. తాగుడైతే తాగుడు, ఆన్‌లైన్ రమ్మీ అయితే రమ్మీ, ఎంత పోయిందో రూపాయల్లో చెప్పండి. తర్వాత ఒక్క మనిషికి చెప్పండి (యాకోబు 5:16), ఆడవారు ఆడవారికి, మగవారు మగవారికి, నోరు అదుపులో ఉన్నవారికి. పాపం జరిగే గంట, చోటు రాసుకోండి. రాత్రి పదకొండు దాటాక ఫోన్‌తో ఒంటరిగా ఉన్నప్పుడే జరుగుతుంటే, పదింటికే ఫోన్ ఇంకొకరి చేతికి ఇవ్వండి. రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానితే వణుకు, మూర్ఛలు రావచ్చు, ప్రార్థనతో పాటు ఆసుపత్రి అండ కూడా ఉండాలి.

పడ్డాక "నాలుగు రోజులు ఆగి, కాస్త బాగుపడి దగ్గరకు వెళ్తా" అనుకుంటారు. తీగె తెగి పడి ఉండి పచ్చబడదు. పడ్డ రోజు రాత్రే వెళ్లండి.

ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. బతుకమ్మకు, బోనాలకు ఏం చేయాలి?

పూజలో, మొక్కులో పాలు పంచుకోలేనని గౌరవంగా, పండగ రోజు కాక ముందే చెప్పండి. అప్పటికప్పుడు చెబితే అది మొండితనంలా, అవమానంలా తగులుతుంది. మొక్కు కానివన్నీ, వంట, చుట్టాల మర్యాద, పిల్లల పనులు, మామూలుకన్నా ఎక్కువ చేయండి. నైవేద్యం విషయంలో 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు రెండూ చదివి పెద్దలతో మాట్లాడండి. ఇంటివారి దేవతలను ఎగతాళి చేయొద్దు, ఎవరి పటమూ మీ అంతట మీరు తీసేయొద్దు. 1 పేతురు 3:1-2 మాట లేకుండానే ప్రవర్తన వల్ల రాబట్టడం గురించి చెబుతుంది. కొట్టడం దాకా వస్తే మాత్రం అది ఓర్చుకోవాల్సిన సిలువ అని ఎవరు చెప్పినా వినొద్దు. పుట్టింటికి, ఆడవారికి అండగా ప్రభుత్వం నడిపే సఖి కేంద్రానికి, 181 హెల్ప్‌లైన్ నంబరుకు చెప్పండి.

ఆదివారం ఫోన్‌లో లైవ్ చూస్తే చాలదా?

మంచం పట్టినవారికి అది వరం. కాళ్లున్నవారికి చాలదు. యోహాను 15:12లోని ఆజ్ఞ "ఒకని నొకడు" ప్రేమించాలని. స్క్రీన్ మీద ఉన్న బోధకుడు మీకు అప్పు ఎగ్గొట్టడు, మీ చెప్పు తొక్కడు, మీరు వారం రాకపోతే ఇంటికి రాడు. ప్రేమించడం నేర్చుకునేది అప్పు ఎగ్గొట్టిన సహోదరుడి పక్కన చాప మీద కూర్చున్నప్పుడే. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు తరాల నాటివి. నల్లగొండలో బాప్టిస్టులు అంతకన్నా ముందు నుంచి ఉన్నారు, కతోలిక మేత్రాసనం (బిషప్ పరిధి) 1976లో ఏర్పడింది. పల్లె పల్లెకూ పెంతెకోస్తు మందిరాలున్నాయి. ఒకటి ఎంచుకుని ఏడాది పాటు కదలకుండా ఉండండి. నెలకో మందిరం మారేవారిని చూస్తే, మూడు నెలలకోసారి పీకి నాటిన మొక్క గుర్తొస్తుంది.

ముంబై, పుణె పనికి వలస పోతం. అక్కడ తెలుగు చర్చి ఉండదు.

వెళ్లే ముందు మూడు పనులు చేయండి. మీ పాస్టర్ గారికి చెప్పి ప్రార్థన చేయించుకోండి, ఆ నగరంలో తెలిసిన సంఘం ఉందేమో అడగండి. ఆడియో బైబిలు ఫోన్‌లోకి పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకోండి, సైటులో సిగ్నల్ ఉండకపోవచ్చు. ఇంట్లో ఉండిపోయేవారితో ఒక సమయం ఖాయం చేసుకోండి, రాత్రి తొమ్మిదికి పది నిమిషాలు, ఇద్దరూ ఒకే భాగం. అక్కడ ముఠాలో ఇద్దరు విశ్వాసులు దొరికితే అదే సహవాసం, మత్తయి 18:20కి ఇద్దరు చాలు. పాట పెద్దగా పాడి పక్క షెడ్డువాళ్ల నిద్ర చెడగొట్టొద్దు.

ఉపవాసం ఉంటే త్వరగా ఎదుగుతామా?

ఉపవాసం వేగం పెంచే మందు కాదు, ఆకలితో కలిపి చేసే ప్రార్థన. ఒక పూటతో మొదలుపెట్టండి, నీళ్లు మానొద్దు. మే నెల ఎండలో పొలం పనికి వెళ్లే రోజు ఉండొద్దు. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉండొద్దు, భోజనం బదులు టీవీ మానినా చాలు. విడిచేటప్పుడు జావతో విడవండి. మిగిలిన పూట బియ్యం, యెషయా 58:7 చెప్పినట్టు, ఆకలిగా ఉన్న ఇంటికి చేర్చండి.

ఎదుగుతున్నామని ఎట్ల తెలుస్తది?

గలతీ 5:22-23లో ఆత్మ ఫలంగా తొమ్మిది గుణాలు ఉన్నాయి: ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. వీటిని మీరు కొలుచుకోవద్దు, తప్పు తూకం పడుతుంది. ఏడాదికోసారి మీ ఇంట్లోవారిని అడగండి: "పోయిన సంవత్సరం కంటే నా కోపం తగ్గిందా?" పిల్లలు నిజం చెబుతారు. నెలనెలా అడగొద్దు. బత్తాయి నాటిన నాలుగైదేళ్లకు గాని కాపుకు రాదు, వచ్చాక కూడా పూత నుంచి కోతకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె ఎట్ల ధ్యానం చేయాలె?

వినడం చాలు. తొలి సంఘాల్లోనూ ఎక్కువమంది వాక్యాన్ని చదవలేదు, విన్నారు. రోజూ ఒకే వేళకు మనవలలో ఒకరు ఐదు వచనాలు చదివి, "ఏం గుర్తుంది నాయనమ్మా?" అని అడగండి. ఆమె తన మాటల్లో తిరిగి చెప్పినప్పుడు సరిదిద్దకుండా పూర్తిగా వినండి. మరుసటి రోజు మొదలుపెట్టే ముందు నిన్నటిది ఆమెతోనే చెప్పించండి.